నూటికి రూపాయి

2025 దసరాకి ఇంటికెళ్ళినప్పుడు మా నాయిన నన్నొక ప్రశ్న అడిగాడు. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఇంటర్వ్యూల్లో ఎంతమందిని ఎన్ని అడ్డమైన ప్రశ్నలు అడిగానో లెక్కలేదు గానీ, ఇంత సూటి ప్రశ్న మాత్రం ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు.

"సరే గనీ, గా పైసలు ఎవడు తీస్కపోయిండు? దేనికి తీస్కపోయిండు?"

"ప్లాట్‌ఫారం వాళ్ళ దగ్గరున్నాయి నాయినా" అన్నాను.

"గది దుకాణం పేరు. నేను బాకీ తీస్కున్నోని పేరు అడుగుతున్న."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. మాది ఇబ్రహీంపట్నం. విజయవాడ పక్కనున్నది కాదు, జగిత్యాల వైపుదీ కాదు, రంగారెడ్డి జిల్లాది. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని నేరుగా పోతే వస్తుంది. దారి పొడుగూతా ఇంజనీరింగ్ కాలేజీలే, కాబట్టి ఇది చదువుతున్నవాళ్ళలో ఒకరిద్దరైనా మా ఊరి చుట్టుపక్కల నాలుగేళ్ళు గడిపే ఉంటారు. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు ఉంది మాకు. ఇటు ఆదిబట్లలో టీసీఎస్ ఉంది. మధ్యలో మా నాయిన ఎరువుల దుకాణం ఉండేది. ఇప్పుడు మూసేశాడు, ఎరువు వేసే భూములు చాలామటుకు ప్లాట్లయిపోయాయి కదా.

ఎరువుల దుకాణం అంటే పైకి ఎరువులు అమ్మడం, లోపల అప్పులివ్వడం. వానలు పడంగానే రైతు ఉద్దెర తీసుకుంటాడు, పంట అమ్మాక మిత్తితో సహా కడతాడు (మిత్తి అంటే వడ్డీ, కోస్తా వాళ్ళ కోసం చెప్తున్నా). మన దగ్గర వడ్డీని ఎవడూ శాతాల్లో చెప్పడు, రూపాయల్లో చెప్తాడు. నూటికి నెలకి ఎన్ని రూపాయలు అన్నది లెక్క. రూపాయంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. నాయిన రెండు రూపాయలకి మించి ఎప్పుడూ తీసుకోలేదు. (లైసెన్సు ఉండేదా అని అడక్కండి :))

అది ఆయన మంచితనం అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఒకసారి ఒకాయన వచ్చి అయిదు రూపాయల మిత్తి ఇస్తా, లక్ష కావాలన్నాడు. నాయిన చాయ్ తాగించి పంపించేశాడు. ఎందుకివ్వలేదని అడిగితే "అయిదు రూపాయలకి మారు మాట్లాడకుంట ఒప్పుకున్నడంటే వాడు ఇచ్చేటోడు కాదు బిడ్డా. ఇయ్యాలె అనుకున్నోడు బేరం చేస్తడు" అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిందేంటంటే జోసెఫ్ స్టిగ్లిట్జ్, ఆండ్రూ వైస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1981లో దాదాపు ఇదే విషయం మీద లెక్కలేసి ఒక పేపర్ రాశారని. వడ్డీ పెంచుకుంటూ పోతే మంచి బాకీదారులు తప్పుకుని, ఎగ్గొట్టేవాళ్ళు మిగులుతారని. స్టిగ్లిట్జ్‌కి 2001లో నోబెల్ కూడా వచ్చింది. నాయినకి ఏమీ రాలేదు.

ఎవరికి ఎంత ఇవ్వొచ్చో ఆయన పుస్తకంలో ఉండేది కాదు, బుర్రలో ఉండేది. ఆ మనిషి బోరు ఎన్ని ఫీట్లు దిగింది, పోయిన యాసంగి ఎట్లా పండింది, బిడ్డ పెండ్లి ఎప్పుడు, తాగుతాడా, ఇంకెవరి దగ్గర బాకీ ఉంది. ఇవన్నీ తెలిశాకే బస్తా బయటికొచ్చేది.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను 2021లో ఏం చేశానో చెప్తాను.

కరోనా టైంలో మేడ మీద గదిలో కూర్చుని ఆఫీసు పని చేస్తున్న రోజులు. మీకు గుర్తుండే ఉంటుంది, 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేశాక క్రిప్టోకి మన దేశంలో మళ్ళీ ఊపిరొచ్చింది. 2021 వచ్చేసరికి క్రికెట్ మ్యాచ్‌లో ఓవరు ఓవరుకీ దాని యాడ్లే. మా టీం చాట్ గ్రూపులో బిల్డు ఫెయిలయిన సంగతి కంటే బిట్‌కాయిన్ రేటు ముందొచ్చేది.

నేను జూదం ఆడే రకం కాదు. అందుకే బిట్‌కాయిన్ జోలికి పోలేదు. నేను చూసుకున్నది 'సేఫ్' దారి. డాలర్‌కి కట్టేసిన కాయిన్ కొనడం, దాన్ని ఆన్‌లైన్ ప్లాట్‌ఫారంలో పెట్టడం, వడ్డీ తీసుకోవడం. బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే అప్పుడు అయిదు, మహా అయితే అయిదున్నర శాతం. ఇక్కడ 12. రేటు పడిపోయే భయం లేదు, అమ్మేది లేదు కొనేది లేదు. డబ్బు దాని పాటికది పని చేస్తుంది, మనం మన పాటికి స్టాండప్ మీటింగులు చేసుకోవచ్చు. ఆ ప్లాట్‌ఫారం పేరు రాయను. కింద పేర్లతో చెప్పబోయే వాటిలో ఏదీ కాదు. చిన్నది, రాసినా మీలో ఎక్కువమంది వినుండరు.

నా సొంతం అయిదు లక్షలు పెట్టాను. అక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదు.

అమ్మకి ఒక చిట్టీ ఉండేది. మధ్యలో పాడకుండా చివరిదాకా ఆగి, 2021 సెప్టెంబరులో మూడు లక్షలు ఎత్తుకుంది. ఏం చేద్దాం అని నన్నడిగింది. ఎఫ్‌డీ ఎందుకమ్మా, నాకియ్యి, నూటికి రూపాయి మిత్తి నెలనెలా నీ ఫోన్‌లో వేస్తా అన్నాను. ఏడాదికి 12 శాతం అంటే సరిగ్గా నూటికి రూపాయే కదా, లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి. నాయినకి చెప్పకు అని నేనే అన్నాను. "మీ నాయినకెందుకు చెప్పుడు" అని అమ్మ కూడా అంది. అక్టోబరు నుంచి ప్రతి ఒకటో తారీఖున మూడు వేలు. రోజూ పొద్దున లేవగానే యాప్ తెరిచి, రాత్రి ఎంత వడ్డీ పడిందో దశాంశ స్థానాలతో సహా చూసుకునేవాణ్ణి. మా కంపెనీ అప్రైజల్ కంటే ఎంతో నయం అనిపించేది.

ఇప్పుడు నాయిన ప్రశ్నకి వద్దాం. నాకు 12 ఇస్తున్నవాడు 12 కంటే ఎక్కువ ఎక్కడి నుంచి తెస్తున్నాడు?

నిజంగా అప్పు తీసుకునేవాళ్ళు ఉన్నారు, లేరని కాదు. ఒక ఎక్స్ఛేంజిలో ఒక రేటు, ఇంకోచోట ఇంకో రేటు ఉంటే ఆ తేడా మీద బతికే ట్రేడింగ్ కంపెనీలకి సరుకు కావాలి. కాయిన్లు అమ్మడం ఇష్టం లేక, వాటిని తాకట్టు పెట్టి డాలర్లు తీసుకునేవాళ్ళున్నారు. మార్కెట్ పెరుగుతున్నప్పుడు వీళ్ళు మంచి వడ్డీయే ఇస్తారు. చిక్కేంటంటే ఆ పని చేసేవాళ్ళు ఎక్కువైన కొద్దీ లాభం పలచబడుతుంది, కానీ మనకి చూపించే వడ్డీ తగ్గిస్తే మనం పక్క ప్లాట్‌ఫారానికి పోతాం. అప్పుడేం చేస్తారు? అయిదు రూపాయలు ఇస్తానన్నవాడికి చాయ్ తాగించి పంపడం మానేసి, లోపల కూర్చోబెడతారు.

2022లో బయటపడింది ఇదే. మేలో టెరా కూలింది. దాని మీద నడిచే యాంకర్ అనే చోట దాదాపు 19.5 శాతం ఇచ్చేవారు, అదంతా బాకీదారుల దగ్గర్నుంచి వచ్చేది కాదు. ఆ వడ్డీ కట్టడానికి పెట్టుకున్న నిధి అడుగంటుతుంటే ఫిబ్రవరిలో బయటి నుంచి 45 కోట్ల డాలర్లు తెచ్చి పోశారు. మూడు నెలల్లో ఆటే ముగిసింది. డాలర్‌కి కట్టేసిందన్న కాయిన్ వారం తిరిగేసరికి పైసల్లోకి వచ్చింది. జూన్ 12న సెల్సియస్ విత్‌డ్రాలు ఆపేసింది. అదే నెలలో త్రీ యారోస్ క్యాపిటల్ అనే ఫండు మునిగింది. వాయేజర్ అనే ప్లాట్‌ఫారం ఆ ఒక్క ఫండుకే 15,250 బిట్‌కాయిన్లు, పైన 35 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు అప్పిచ్చి ఉంది. ఒక్కడికి! జూలై 4న మనవాళ్ళు చాలామంది వాడిన వాల్డ్ కూడా మూతేసింది. ఆగస్టులో హోడ్‌ల్‌నాట్, నవంబరులో ఎఫ్‌టీఎక్స్ దెబ్బకి బ్లాక్‌ఫై. బయటికి పది దుకాణాలు, లోపల అప్పు తీసుకున్నది మళ్ళీ ఆ నలుగురే.

నా ప్లాట్‌ఫారం నుంచి జూన్ చివరి వారంలో ఒక రాత్రి ఈమెయిల్ వచ్చింది. మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా తాత్కాలికంగా ఆపుతున్నాం అని. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తోంది. బ్యాలెన్స్ ఇప్పటికీ యాప్‌లో కనిపిస్తుంది, అమ్మ మూడు లక్షలూ నా అయిదు లక్షలూ కలిపి, మెయిలొచ్చిన రాత్రి వరకూ పడిన వడ్డీతో సహా.

జూలై ఒకటో తారీఖు వచ్చింది. అమ్మకి మూడు వేలు వెయ్యాలి.

వేశాను, జీతంలోంచి. ఈ ఒక్క నెలే, వచ్చే నెలకి తెరుస్తారు అనుకున్నాను. ఆగస్టులో కూడా అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను గానీ వెయ్యడం మానలేదు. 2025 సెప్టెంబరు దాకా 39 నెలలు, లక్షా పదిహేడు వేలు. ఈఎంఐ లాగా అలవాటైపోయింది.

సెల్సియస్ కేసులో కోర్టు నియమించిన ఎగ్జామినర్ రిపోర్టు 2023 జనవరి చివర్లో వచ్చింది. వందల పేజీలు. మనకెలాగూ డబ్బు పోయింది, కనీసం జ్ఞానమైనా వస్తుందని చదువుతూ కూర్చున్నాను. అందులో ఒక సంగతి ఉంది. వాళ్ళు ఖాతాదారులకిచ్చే వడ్డీని తమ సంపాదనని బట్టి కాకుండా, పోటీలో ఉన్నవాళ్ళని మించాలని నిర్ణయించేవారట. చేతిలో సంపాదన లేకపోయినా వడ్డీ మాత్రం టైముకి పడేది, జనం దాన్ని చూసి ఇంకా తెచ్చి పోసేవారు. దాన్ని నడిపిన అలెక్స్ మషిన్‌స్కీకి 2025 మేలో 12 ఏళ్ళ శిక్ష పడింది. అది చదువుతున్నంతసేపూ ఎవరినో తిట్టుకుంటున్నాను. తర్వాత ఫోన్‌లో అమ్మకి పంపిన మూడు వేల తాలూకు మెసేజి కనిపించింది.

నేనూ అదే కదా చేస్తున్నది. అసలు లేదు, మిత్తి మాత్రం ఠంచనుగా పడుతోంది. పైగా అమ్మకి నా మీద నమ్మకం నెలనెలా పెరుగుతోంది.

అది ఎంతవరకూ పోయిందంటే, మా చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ అమ్మకు రూపాయి మిత్తి ఇస్తున్నవట గద, నా తాన రెండు లక్షలున్నయ్ బిడ్డా, నీకే ఇస్త." ఇక్కడ నేను చేసింది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను వెంటనే వద్దనలేదు. ఫోన్ పెట్టేసి ఎక్సెల్ తెరిచాను. అమ్మకి మూడు వేలు, చిన్నమ్మకి రెండు వేలు, నెలకి అయిదు వేలు. చిన్నమ్మ రెండు లక్షలతోనే ఇద్దరికీ 40 నెలలు మిత్తి కట్టొచ్చు, నా జీతం ముట్టుకోకుండా. 40 నెలల్లో ప్లాట్‌ఫారం తెరుచుకోకపోతుందా? షీటుకి పేరు కూడా పెట్టాను, సేవ్ చేసేటప్పుడు అడిగింది మరి. అప్పుడు కొంచెం భయమేసింది. మోసం చేసే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు, కానీ ఎక్సెల్ షీటు మాత్రం చక్కగా తయారై ఉంది.

చిన్నమ్మకి ఇప్పుడు తీసుకోవట్లేదని చెప్పాను. "అమ్మకైతే ఇస్తవు, చిన్నమ్మకైతే ఇయ్యవా" అని ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు.

ఇదేదో క్రిప్టోకే పట్టిన చీడ అనుకోకండి. 2001లో కృషి బ్యాంకు, 2002లో చార్మినార్ బ్యాంకు మునిగినప్పుడు హైదరాబాదులో ఎంతమంది రిటైరైనవాళ్ళు క్యూల్లో నిలబడ్డారో మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. అప్పుడు డిపాజిట్ ఇన్సూరెన్స్ లక్షే. 2020 ఫిబ్రవరిలో అది అయిదు లక్షలయింది. అగ్రిగోల్డ్ సంగతి సరే సరి, దాదాపు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్లు. మన బాపతుకి మరీ దగ్గరిది ఫాల్కన్. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. పెద్ద కంపెనీలకి సరుకిచ్చినవాళ్ళ బిల్లుల మీద అప్పు, ఏడాదికి 22 శాతం దాకా రాబడి అని యాప్‌లో చూపించారు. పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం 1,700 కోట్లు వసూలు చేసి అందులో సగం తిరిగివ్వలేదు, చూపించిన బిల్లులే బోగస్సు. మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. నాయిన ప్రశ్న అక్కడా పనికొచ్చేది: ఆ బిల్లు తాలూకు మనిషికి ఎవరైనా ఒక్క ఫోన్ చేశారా?

బ్యాంకుకీ దీనికీ తేడా ఏంటో నాకు 2023 జనవరిలోనే ఇంకో దెబ్బతో తెలిసింది. సెల్సియస్ వడ్డీ ఖాతాల్లో ఉన్న దాదాపు 420 కోట్ల డాలర్ల కాయిన్లు ఖాతాదారులవి కావు, కంపెనీవే అని న్యూయార్క్ దివాలా కోర్టు తేల్చింది. సుమారు ఆరు లక్షల ఖాతాలు. ఎందుకంటే 'ఒప్పుకుంటున్నాను' అని మనం నొక్కిన షరతుల్లో యాజమాన్యం మీదే అని రాసుంది. వెంటనే నా ప్లాట్‌ఫారం షరతులు తీసి చూశాను. ఉంది, అదే మాట, పదకొండో పేజీలో. జూనియర్ల కోడ్‌లో ఒక్కో రివ్యూకి నలభై కామెంట్లు పెట్టే నేను, ఎనిమిది లక్షలు పెట్టేటప్పుడు ఆ పేజీ దాకా స్క్రోల్ కూడా చేయలేదు.

అందరికీ పోయాయని రాస్తే అబద్ధమవుతుంది. జెమినై ఎర్న్‌లో ఇరుక్కున్నవాళ్ళకి ఏడాదిన్నర తర్వాత, 2024 మేలో, పెట్టిన కాయిన్లే తిరిగొచ్చాయి. ఈలోగా రేటు పెరిగింది కాబట్టి వాళ్ళు లాభపడ్డారు కూడా. కానీ మామూలుగా దివాలా తీసిన రోజు రేటుకి మన బాకీని డాలర్లలో ఖాయం చేస్తారు. 2022 జూలైలో బిట్‌కాయిన్ 20 వేల డాలర్ల దగ్గరుంది, 2024 డిసెంబరులో లక్ష దాటింది. అందులో ఇరుక్కున్నవాడికి నూటికి నూరు ఇచ్చినా, నిజానికి ఇచ్చింది ఎంతో మీరే లెక్కేసుకోండి. ఇక పన్ను సంగతి. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం కట్టాలి, నష్టాన్ని మాత్రం దేంట్లోనూ సర్దుకోకూడదు. నా అయిదు లక్షలు పోయినందుకు ప్రభుత్వం వైపు నుంచి కనీసం అయ్యో పాపం కూడా లేదన్నమాట.

సరే, దసరా. అమ్మ అసలు అడిగింది. చెల్లె కాన్పుకి వస్తోంది, పుట్టబోయే పిల్లకీ చెల్లెకీ బంగారం పెట్టాలి. "నువ్వు తీస్కున్ననాడు తులం నలభై ఎనిమిది వేలుండె, ఆరు తులాలొచ్చేటియి" అంది. మామూలుగానే అంది, దెప్పడానికి కాదు. ఆ వారం తులం లక్షా ఇరవై వేల చుట్టూ ఉంది.

చెప్పేశాను. మేడ మెట్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. అమ్మ మొదట అడిగింది డబ్బు గురించి కాదు. "మరి నెలనెలా వేసినయ్ ఎవరియి?" అంది. నావే అన్నాను. ఇంకేం మాట్లాడకుండా లోపలికెళ్ళి నాయినకి చెప్పింది.

ఆయన తిడతాడనుకున్నాను. పైన రాసిన ప్రశ్న అడిగాడు. టెరా, సెల్సియస్, త్రీ యారోస్ అన్నీ చెప్పుకొచ్చాను, అరగంట. అంతా విని "అంటే నీకు మిత్తి ఇచ్చేటోడు తెలుసు, పైసలు తీస్కున్నోడు తెల్వదు" అన్నాడు. అవునన్నాను. తర్వాత లెక్క తేల్చాడు. నువ్వు కట్టిన 39 నెలలూ మిత్తి కింద ముట్టినట్టే, అసలు మూడు లక్షలు అట్లనే ఉంది, అది ఆ దుకాణపోనిది కాదు, నీ బాకీ. చెల్లె కాన్పుకి కావాల్సింది ఇప్పుడు నేను సర్దుతా, మీ అమ్మది నువ్వు కట్టుకో.

బీరువాలోంచి పాత ఎరువుల దుకాణం నాటి ప్రామిసరీ నోటు కాగితం తీశాడు. మూడు లక్షలు, నూటికి రూపాయి మిత్తి, మూడేళ్ళలో కట్టాలి, లేకపోతే 2028లో తిరగరాయాలి. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టబోతుంటే నాయిన చెయ్యి పట్టుకున్నాడు.

"చదువు."

చదివాను. ఏడు లైన్లుంది. సంతకం పెట్టాను. పండక్కి వచ్చిన చిన్నమ్మ సాక్షి సంతకం పెట్టింది.